నర్సమ్మ గుడిసె

మాది విజయనగరం. పని మీద తిరుపతి వెళ్లినప్పుడు రేణిగుంటలో ఏర్పేడుకు షేర్ ఆటో ఎక్కాను. పక్కన కూర్చున్న యానాది అవ్వ ఒళ్లో బోదగడ్డి మోపు ఉంది. అది చేతికి గుచ్చుకుంటుంటే, కాస్త విసుగ్గానే అడిగాను, ఇల్లు కప్పుకోవడానికా అని.

“మా ఇంటికి కాదు సామీ. నర్సమ్మ గుడిసెకి.”

“ఆవిడ మీ కాలనీలోనే ఉంటుందా?”

“లేదు, ఆసుపత్రి నర్సు. వారం వారం వచ్చి మమ్మల్ని సూసిపొయ్యేది. కూసోను ఇంత నీడుంటే బాగుంటాదనింది. మేం గుడిసె ఏసేలోపల బదిలీ అయిపాయ. మూడేండ్లయింది, మళ్లా ఎవురూ రాలేదు.”

ఆ గుడిసెలో ఎవరూ పడుకోరట. తమ ఇళ్లు కురుస్తున్నా, ఏటా ముందు దాన్నే కప్పుతారట.

“కోడలికి ఏడో నెల. వానలొస్తే ఏరు దాటి ఆసుపత్రికి పోలేం” అంది.

దిగేటప్పుడు మోపు నెత్తికెత్తుకుని నా వైపు తిరిగింది. “నర్సమ్మ యాడన్నా కనపడితే, ఈ ఏడు గూడా కొత్త గడ్డి ఏస్తా ఉండామని చెప్పు సామీ.”

అలాగేనన్నాను. ఆ నర్సు పేరైనా అడగలేదు. ఇప్పుడు మా ఊళ్లో ఏ నర్సు ఎదురైనా, మీరెప్పుడైనా ఏర్పేడు వైపు పనిచేశారా అని అడుగుతుంటాను.