దర్జీ వలి బాషా ఎడమ చెయ్యి

ప్రొద్దుటూరులో దర్జీ వలి బాషా పిరికివాడని అందరికీ తెలుసు. ఆ మాట ముఖం మీదే అనేవాళ్లు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఎదురుగా కుక్క వస్తే వీధి మార్చేవాడు. ఉరిమితే మిషను తొక్కడం ఆపి కాళ్లు పైకి ముడుచుకునేవాడు. అటువంటి మనిషి సేవా సంఘంలో చేరడానికి కారణం పక్క కొట్టు జియావుల్లా. సైకిళ్లు బాగుచేసే జియావుల్లా ఎక్కడికి పోతే అక్కడికి ఈయన్ను కూడా లాక్కుపోయేవాడు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాది ఎలిమెంటరీ స్కూలు అయ్యవారు బాలసుబ్బయ్య ఆ సంఘం పెట్టాడు. దసరా జనానికి మంచినీళ్లు పోయడం, పూడిపోయిన కాలువలు తీయడం, దిక్కులేని రోగులను ఆసుపత్రికి చేర్చడం వాళ్ల పని. ఆదివారం పని ముగిశాక అందరూ స్కూలు వసారాలో కూర్చుని, ఒకే పెద్ద తట్టలో పోసిన బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తినేవాళ్లు. ఒకరినొకరు ఆటపట్టించుకుని నవ్వుకునేవాళ్లు. నిజానికి వలి బాషా ఆ నవ్వుల కోసమే వచ్చేవాడు. జెండాలు, చేతిపట్టీలు కుట్టి ఇచ్చేవాడు. రోగుల దగ్గరికి మాత్రం పోయేవాడు కాదు. పొమ్మని ఎవరూ అనేవాళ్లు కాదు.

పందొమ్మిది వందల యాభై ఏడులో దసరా ఇంకా రాకముందే బాలసుబ్బయ్య ఒక మాట తెచ్చాడు. జమ్మలమడుగు ఇవతల, పెన్న ఒడ్డున, పెద్దరోగం, అంటే కుష్ఠు, వచ్చి ఇళ్లు వదిలిన వాళ్ల గుడిసెలున్నాయి. వాళ్లకు ఎవరైనా ఇస్తే చిరిగిన పాతబట్టలే ఇస్తారు. దీపావళికి ఒక్కొక్కరికి కొత్త అంగీ, ఆడవాళ్లకు కొత్త రవిక కుట్టించి ఇద్దామన్నాడు.

"కుట్టేదానికి మన వలి ఉండాడు కదా" అన్నాడు జియావుల్లా.

అందరూ ఆయన వైపు చూశారు. కాదనడానికి కూడా ధైర్యం కావాలి. అది వలి బాషాకు లేదు.

కొలతలకు పోయిన రోజు సన్నగా తుంపర పడుతోంది. బస్సు దిగి ఇసుకలో నడిచి గుడిసెల దగ్గరికి చేరారు. మిగతావాళ్లు పోయి పలకరిస్తున్నారు. వలి బాషా మాత్రం మెడలో టేపు వేసుకుని ఒక తుమ్మచెట్టు కింద ఆగిపోయాడు. వేళ్లు లేని ఒక చెయ్యి గుడిసె తడికను పక్కకు నెట్టడం చూశాడు. అక్కడి నుంచే కంటితో అంచనా కట్టి, ఒక్కొక్కరి కొలతా చెప్పుకుంటూ పోయాడు.

ఓబులమ్మ అనే ముసలావిడ ఆయన్నే చూస్తూ నిలబడింది. "ఏం నాయనా, అంత దూరం నుంచి కొలిస్తే నా రవిక నాకు పడుతుందా?" అంది. ఆమె తన చేతులు రెండూ కొంగు కింద దాచుకుంది. "పోనీలే. వచ్చినావు, అదే శానా."

తిరిగి వచ్చేటప్పుడు ఆయన పెన్నలో దిగి మోచేతుల దాకా ఇసుకతో రుద్దుకున్నాడు. చర్మం ఎర్రబడేదాకా రుద్దుతూనే ఉన్నాడు. జియావుల్లా రెక్క పట్టి లాగితే గానీ బయటికి రాలేదు.

దసరా పోయిన తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన ఆ అంగీల్లో ఒకదానికి అంచు కుడుతున్నాడు. తెల్లబట్ట మీద ఎర్రటి చుక్క కనిపించింది. తుడిస్తే ఇంకొకటి పడింది. రక్తం ఎక్కడి నుంచి వస్తోందో తెలియక ముందు వేళ్లు చూసుకున్నాడు. తర్వాత ఎడమ ముంజేతి వెనక చూశాడు. ఒక గుండుసూది తల దాకా దిగబడి ఉంది.

నొప్పి లేదు.

సూది లాగేసి, చేతిని వాకిట్లో ఎండకు పెట్టి చూశాడు. అక్కడ రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్ద మచ్చ ఉంది. చుట్టూ ఉన్న చర్మం కన్నా పాలిపోయి ఉంది. ఎప్పటి నుంచి ఉందో ఆయనకు గుర్తులేదు. అదే సూదితో మచ్చ పక్కన గుచ్చుకున్నాడు. చురుక్కుమంది. మచ్చ మీద గుచ్చుకున్నాడు. ఏమీ లేదు. ఇంకొంచెం లోతుగా గుచ్చాడు. ఇంకెవరి చేతినో గుచ్చుతున్నట్టుంది. ఆయన కొట్టు తలుపు మూసి, కుట్టిన అంగీల కుప్ప పక్కనే కూలబడ్డాడు. గుండె కొట్టుకునే చప్పుడు మిషను చప్పుడంత గట్టిగా వినిపించింది.

ఆ రోజు నుంచి ఆయన పొడుగు చేతుల అంగీ విప్పలేదు. వసారాలో వేరుగా పడుకున్నాడు. తన కంచం తానే కడుక్కుని వేరుగా బోర్లించుకున్నాడు. నాలుగేళ్ల కూతురు రషీదా ఒళ్లోకి ఎక్కబోతే గద్దించాడు. ఆ పిల్ల బిత్తరపోయి తల్లి కొంగు చాటుకు పోయింది. భార్య మెహరున్నీసా "నామీద ఏమన్నా కోపమా?" అని అడిగింది. "లేదు" అని మొహం తిప్పుకున్నాడు. సంఘానికి పోవడం మానేశాడు. బాలసుబ్బయ్య వీధి చివర కనిపిస్తే కొట్టు వెనక దాక్కున్నాడు.

ప్రొద్దుటూరు డాక్టరుకు చూపిస్తే ఊరంతా తెలుస్తుంది. అందుకని పొద్దున్నే బస్సెక్కి జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి పోయాడు. డాక్టరమ్మ కోస్తా మనిషి. మచ్చను చూసి ఆమె దూది పింజ చేతిలోకి తీసుకుంది.

"కళ్లు మూసుకోండి. నేను దూదితో తాకిన చోటల్లా వేలు పెట్టి చూపించండి."

కుడి చేతి మీద తాకింది. చూపించాడు. మెడ మీద తాకింది. చూపించాడు. ఆ తర్వాత చాలాసేపు ఆమె తాకలేదు. ఆయన వేలు గాలిలోనే ఆగి ఉంది.

"తాకండమ్మా" అన్నాడు.

"తాకడం అయిపోయిందయ్యా. కళ్లు తెరవండి."

ఆమె చాలా విషయాలు చెప్పింది. ఇది నిన్నమొన్న అంటుకున్నది కాదంది. గుడిసెలకు పోయినందుకు రాలేదనీ, ఎన్నో ఏళ్ల కిందటే ఒంట్లో చేరి ఉంటుందనీ చెప్పింది. ఆయనకు వచ్చింది ఇతరులకు అంటుకునే రకం కాదనీ, మాత్రలు ఏళ్ల తరబడి ఆపకుండా మింగితే వేళ్లకేమీ కాదనీ చెప్పింది. వలి బాషాకు ఆ మాటలన్నీ నీళ్లలోంచి వినిపించినట్టున్నాయి. మాత్రల పొట్లం జేబులో పెట్టుకుని బయటికి వచ్చాడు.

వరండాలో జియావుల్లా నిలబడి ఉన్నాడు. ఓబులమ్మ కాలి పుండుకు కట్టు కట్టించడానికి సంఘం తరఫున వచ్చాడు. వలి బాషా పెద్దరోగం చూసే గదిలోంచి రావడం చూశాడు. పైకి మడిచిన చొక్కా చెయ్యి కూడా చూశాడు.

"వలన్నా..." అంటూ భుజం మీద వెయ్యబోయిన జియావుల్లా చెయ్యి మధ్యలోనే ఆగింది. ఒక్క క్షణమే ఆగింది. తర్వాత భుజం మీదికి వచ్చింది. కానీ ఆ ఆగడాన్ని వలి బాషా చూశాడు.

"ఎవురికీ చెప్పొద్దు జియా. నీకు దండం పెడతా. నా బిడ్డను వీధిలో ఎవురూ దగ్గరికి రానీరు."

"చెప్పనప్పా. నువ్వు వణుకుతాండావు, ముందు కూచో" అన్నాడు జియావుల్లా. వలి బాషా కూర్చోలేదు. పరుగులాంటి నడకతో బస్సు దగ్గరికి పోయాడు.

ఆ తర్వాతి రోజులు ఆయనకు నరకం. ఇద్దరు మనుషులు కొట్టు ముందు గుసగుసలాడితే తన గురించే అనుకునేవాడు. ఎవరైనా అంగీ కుట్టించుకోవడానికి రాకపోతే తెలిసిపోయిందనుకునేవాడు. వస్తే, ఎందుకొచ్చాడో, చెయ్యి చూడటానికేనా అనుకునేవాడు. అన్నం సయించలేదు. చివరికి మెహరున్నీసా ఆయన దారికి అడ్డంగా నిలబడింది.

"ఏం దాస్తాండావు? చెప్పే దాకా కదలనియ్యను."

ఆయన చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాడు. ఆమెకు అర్థమయ్యేందుకు మాట అక్కర్లేకపోయింది. పక్కనే ఆడుకుంటున్న రషీదాను చటుక్కున ఎత్తుకుని గోడకు ఆనుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఏడ్చారు. మరునాడు ఆమె బిడ్డను తీసుకుని పులివెందులలోని పుట్టింటికి పోయింది. వలి బాషా ఆపలేదు. ఆమె పోతే బిడ్డ దక్కుతుందని ఆయనకే అనిపించింది.

ఆదివారం తలుపు తట్టారు. బాలసుబ్బయ్య, జియావుల్లా, ఇంకో ఇద్దరు. సంఘంలోనే ఉండే నూనె కొట్టు వీరభద్రయ్య కూడా వచ్చాడు గానీ వీధిలో, తలుపు పక్కనే ఆగాడు. వాళ్లను చూడగానే సంఘంలోంచి తీసేశామని చెప్పడానికే వచ్చారనుకుని వలి బాషా గోడ వైపుకు జరిగాడు.

"జియా చెప్పినాడా?" అన్నాడు.

"నేను చెప్పలేదన్నా. నువ్వు ఏంటికి రావడం లేదని అయ్యవారు రోజూ అడుగుతాండాడు. నిన్నే అడగమని తీసుకొచ్చినా."

బాలసుబ్బయ్య చాప మీద కూర్చున్నాడు. వలి బాషాకు ఇక దాచే శక్తి లేకపోయింది. అంతా చెప్పేశాడు. చెప్పడం అయ్యేసరికి వీరభద్రయ్య వీధిలో లేడు.

బాలసుబ్బయ్య చాప మీంచి లేవలేదు. "నాకు భయం లేదని అబద్ధం చెప్పను వలీ. ఇంట్లో నలుగురు పిల్లోళ్లు ఉండారు. భయం ఉంది. భయపడతానే కూచుంటా. పర్వాలేదా?"

ఆ మాటకు వలి బాషా మొహం మోకాళ్లలో దాచుకుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారు. తల ఎత్తితే జియావుల్లా.

"అంగీలు ఇంకా సగం ఉండాయి. దీపావళి వచ్చేసింది" అన్నాడు బాలసుబ్బయ్య.

"నా చేత్తో కుట్టినవి ఎవురు తొడుక్కుంటారు అయ్యవారూ?"

"ఎవురి కోసం కుడతాండావో వాళ్లు తొడుక్కుంటారు. వాళ్లకు ఏం భయం?"

మిగిలిన బట్టలు కుట్టే ముందు వలి బాషా మళ్లీ పెన్న ఒడ్డుకు పోయాడు. కంటితో తీసిన కొలతలన్నీ తప్పులే, కుట్టినవి కూడా విప్పి సరిచేయాల్సి వచ్చింది. ఈసారి దగ్గరికి వెళ్లి, ఓబులమ్మ భుజాల మీద టేపు పెట్టాడు. టేపు రెండుసార్లు జారింది. చుట్టూ ఎవరూ లేనప్పుడు గొంతు తగ్గించి, "నాకూ వచ్చిందమ్మా" అన్నాడు.

ఆమె ఆయన చొక్కా చేతిని తన మణికట్టుతో పైకి నెట్టి మచ్చను చూసింది. "ఇంతేనా? నాకు ఇంత ఉండంగా మాత్రలు లేవు నాయనా. మింగు. ఒక్కపూట గూడా మానొద్దు."

దీపావళికి అంగీలు, రవికలు అందాయి. అవి పంచిన రెండు రోజులకు మెహరున్నీసా బిడ్డతో సహా బస్సు దిగింది. పులివెందుల నుంచి ముందు జమ్మలమడుగు పోయి, డాక్టరమ్మను స్వయంగా అడిగి వచ్చిందట.

"నన్నూ, బిడ్డనూ ఒళ్లంతా చూసింది. మాకేం లేదంట. నీది అంటుకునేది గాదంట" అంది, గడప మీద నిలబడే. "నాకు భయం పోలేదు. అది పోయేదాకా ఆడే కూచుంటే ముసల్దాన్ని అవుతా." లోపలికి వచ్చి, విడిగా బోర్లించి ఉన్న ఆయన కంచం తీసి మిగతా కంచాల్లో కలిపేసింది.

కొట్టు మాత్రం దెబ్బతింది. వీరభద్రయ్య నోరు అదుపులో పెట్టుకోలేకపోయాడు. చాలామంది వేరే దర్జీని చూసుకున్నారు. కొందరు ఏడాది తర్వాత తిరిగి వచ్చారు, కొందరు ఎప్పటికీ రాలేదు. వీరభద్రయ్య సంఘంలో మళ్లీ అడుగు పెట్టలేదు. సంఘంలో ఇంకొకాయన వచ్చేవాడు గానీ వలి బాషా ఉన్నప్పుడు ఉగ్గాని తట్టలో చెయ్యి పెట్టేవాడు కాదు. వలి బాషా అది చూసి, తనే వేరే ఆకులో పెట్టుకుని తినేవాడు. జియావుల్లా వచ్చి ఆ ఆకులోంచి బజ్జీ లాక్కునేవాడు.

మాత్రలు ఏళ్ల తరబడి నడిచాయి. ఒకనాడు డాక్టరమ్మ, ఇక మింగనక్కర్లేదంది. వేళ్లన్నీ బాగున్నాయి. మచ్చ రంగు కలిసిపోయింది, ఆ చోట స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. అప్పటికి గుడిసెల దగ్గరికి వారం వారం పోయేది వలి బాషానే. కొత్తగా ఎవరికైనా మచ్చ కనిపిస్తే, భయపడి దాచుకునేవాళ్లను వెతికి బస్సెక్కించేది కూడా ఆయనే. "నాకన్నా పిరికోడివా నువ్వు?" అని అడిగేవాడు.

అయితే ఆయనలోని భయం పూర్తిగా పోయిందనుకుంటే పొరపాటు. ఏటా వానలు వెనకబట్టి ఎండ తెల్లగా కాసే రోజుల్లో, దీపావళికి ముందు, పిల్లలను ఒక్కొక్కరిని వాకిట్లో నిలబెట్టేవాడు. అప్పటికి రషీదా తర్వాత ఇంకా ఇద్దరు పుట్టారు. అంగీ విప్పించి, కళ్లు మూసుకోమని, దూది పింజతో వీపుల మీద, చేతుల మీద మెల్లగా రాసేవాడు. ఆ కొద్దిసేపూ ఆయన మొహంలో నెత్తురు ఉండేది కాదు. వంటింటి గుమ్మంలో మెహరున్నీసా ఊపిరి బిగబట్టి నిలబడేది. పిల్లలు చక్కిలిగింతలకు మెలికలు తిరిగి పకపకా నవ్వేవాళ్లు. ఆ నవ్వు విన్నాకే వాళ్లిద్దరూ ఊపిరి వదిలేవాళ్లు.