మూడు పొడుగు ఈలలు

మా తాత జంగయ్య ఈల ఊదితే జూరాల గేట్లు వాటంతట అవే దిగిపోతాయి. కొత్తకోట హైవే మీద బెంగళూరు లారీలు ఆగుతాయి, డ్రైవర్లు దిగి టైర్ల చాటున పడుకుంటారు. పైన పోయే విమానం కూడా ఒక్కసారి ఆలోచించుకుంటుంది. నమ్మనివాళ్ళు మా ఊరు పిట్టబండకు వచ్చి ఎవరినైనా అడగవచ్చు. ఎవరినో ఎందుకు, నన్నే అడగండి. నేను ఆయన కొడుకు బిడ్డను, సౌందర్యను. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసినదాన్ని. లెక్కల్లో తప్పు చెబుతానేమో గాని తాత విషయంలో చెప్పను. లారీల సంగతి మాత్రం కొంచెం పెంచాను.

మాది రాయి తీసే ఊరు. ఊరి వెనక గుట్టలో క్వారీ ఉంది. రాయికి బెజ్జాలు వేసేవాళ్ళు, వాటిలో మందు కూరేవాళ్ళు, దిమ్మెలు లారీలకెక్కించేవాళ్ళు అందరూ మావాళ్ళే. తాత ఇవేవీ చేయలేదు. ఇరవై ఆరేళ్ళు ఆయనకు ఒకటే పని. చేతిలో ఎర్రజెండా, నోట్లో ఈల. రోజూ సాయంత్రం ఐదు గంటలకు రాయి పేలుస్తారు. అంతకుముందు ఆయన మూడు పొడుగు ఈలలు వేయాలి. మూడోది ఆగేలోపల ఎక్కడివాళ్ళక్కడ బండ చాటుకు పోయి నేలకు కరుచుకోవాలి. పేలిన తర్వాత ఒక పొట్టి ఈల వేస్తాడు. అప్పుడు లేవాలి. మా ఊరి పిల్లలకు మాటలు రాకముందే ఇది వస్తుంది. నేను పాకే వయసులోనే మూడో ఈలకు బోర్లా పడుకునేదాన్నని తాత అందరికీ చెప్పేవాడు. "దానికి నిద్రొచ్చింది, పండింది. పెద్ద తెలివి పుట్టిందనుకుంటున్నవా" అని మా అవ్వ కిష్టమ్మ అనేది.

ఆ ఇరవై ఆరేళ్ళలో తాత ఈల విని పడుకున్నవాళ్ళలో ఒక్కరికీ రాయి తగల్లేదు. ఆయనకు సొంతంగా ఉన్న గొప్ప అదొక్కటే. మిగిలిన గొప్పంతా ఫుట్‌బాల్ తెచ్చిపెట్టింది.

ఫుట్‌బాల్ మా ఊరికి అబ్రహాంతో వచ్చింది. బెజ్జాల మిషన్ నడపడానికి రాయచూరు అవతలి నుంచి వచ్చాడు. అది 2009. సంచిలో రెండు లుంగీలు, ఒక బాలు. మా ఊళ్ళో అప్పటికి క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియదు.

"దీన్ని తన్నేతందుకు గంత దూరంకెళ్ళి వచ్చినవా?" అని తాత అడిగాడు.

"హౌదు మామా. నువ్వు ఈల ఊదు, మేం తన్నుతం" అన్నాడు అబ్రహాం.

అట్లా ఊళ్ళో ఈల ఉన్న ఒకే ఒక్క మనిషి రెఫరీ అయ్యాడు. చెయ్యి తగలొద్దు అన్న ఒక్క రూలు తప్ప ఆయనకు ఇంకో రూలు తెలియదు. ఆఫ్‌సైడ్ అంటే ఏందని ఇప్పుడడిగినా, "అది పెద్ద ఊర్లల్ల ఉంటది" అంటాడు.

గుట్ట మీద నుంచి తీసిన మట్టిని ఏండ్ల తరబడి ఒక పక్కన పారబోసేవాళ్ళు. జేసీబీ నడిపే మా నాన్న మల్లన్న ఒక ఆదివారం దాన్ని చదును చేశాడు. అదే గ్రౌండ్. అరిగిపోయిన డ్రిల్లు రాడ్లు గోలు స్తంభాలయ్యాయి. క్రషర్ కింద పడిన రాతిపొడితో గీతలు గీశారు. తాత జెండాల కోసం తెచ్చిన ఎర్రగుడ్డ మిగిలితే అవ్వ అంగీలు కుట్టింది, వీపున తెల్లదారంతో నంబర్లు వేసింది. అవ్వకు తొమ్మిది తలకిందులుగా వస్తుంది. అందుకని మా టీంలో ఇద్దరు ఆరో నంబరువాళ్ళు ఉండేవారు. ఇద్దరిలో ఎవరు తప్పు చేసినా బయటి ఊళ్ళ రెఫరీలు రాసుకునే నంబరు ఒక్కటే.

కంకర మీద ఉత్తకాళ్ళతో ఆడినవాళ్ళకు గడ్డి గ్రౌండు పరుపులా అనిపించింది. ఇటిక్యాల వాళ్ళ మీద గెలిచారు. 2014లో గద్వాలలో కప్పు కొట్టారు. ఆ పొద్దు దిమ్మెలు దించి ఖాళీగా తిరిగొస్తున్న రాయిలారీలో కూర్చొని ఊరికి వచ్చారు. కొత్తకోట దాబా దగ్గర లారీ ఆపి, కప్పులో చాయ్ పోయించుకొని ఒకరి తర్వాత ఒకరు తాగారు. తాత మాత్రం తాగలేదు. "ఎంగిలి" అన్నాడు. మళ్ళీ ఊరంతా తిరిగి ఆ కప్పును చూపించింది ఆయనే.

ఇప్పుడు వనపర్తి సంగతి చెప్పాలి. ఇది రాస్తే తాతకు కోపం వస్తుంది. అందుకే రాస్తున్నాను.

2017లో వనపర్తిలో జిల్లా ఫైనల్. అక్కడ వేరే రెఫరీ ఉన్నాడు కాబట్టి తాత గీత బయట నిలబడ్డాడు. అవ్వ, నేను, ఊళ్ళో సగంమంది రెండు ట్రాక్టర్లలో పోయాం. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఒకటికి ఒకటి. ఇంకా రెండు నిమిషాల ఆట ఉంది. బాలు అబ్రహాం కాలి దగ్గర ఉంది, ముందు గోలీ ఒక్కడే. అప్పుడు తాత గడియారం చూసుకున్నాడు.

ఐదయింది.

చెయ్యి తనంతట తనే జేబులోకి పోయిందట. ఆయన ఒట్టేసి చెబుతాడు, చేతికి తను చెప్పలేదని. ఈల నోట్లోకి వచ్చింది. మూడు పొడుగు ఈలలు.

మా పదకొండు మంది ఎక్కడివాళ్ళక్కడ గడ్డి మీద బోర్లా పడిపోయారు. అబ్రహాం బాలును వదిలేసి తలమీద చేతులు పెట్టుకున్నాడు. గీత బయట అవ్వ పడుకుంది, నేను పడుకున్నాను, ట్రాక్టర్ల మీదున్న వాళ్ళంతా దూకి ట్రాలీల కిందికి పోయారు. వనపర్తి వాళ్ళు కాసేపు బిత్తరపోయి చూశారు. తర్వాత వాళ్ళల్లో ఒకడు నిదానంగా బాలును తోసుకుంటూ, మావాళ్ళను దాటుకుంటూ పోయి గోల్లో వేశాడు. మా గోలీ తల కూడా ఎత్తలేదు. ఇంకా పొట్టి ఈల పడలేదు మరి.

రెఫరీ అది తన ఈల కాదన్నాడు, గోలు ఇచ్చేశాడు. తిరిగి వచ్చేటప్పుడు ట్రాక్టరులో అబ్రహాం ఆయన పక్కన కూర్చున్నాడు.

"మామా, తల దించుకోకు. నీ ఈలకు లేసి నిలబడ్డోడు మా ఊర్ల బతుకుతడా? మేం పండుకుంటిమి. తప్పేముంది?"

"కప్పు పాయె గదరా అల్లుడా."

"పోనీ. మళ్ళొచ్చేసారి నీ గడియారం నేను పెట్టుకుంట."

మళ్ళొచ్చేసారి అంతదూరం రాలేదు. ఇద్దరు హైదరాబాదులో అపార్టుమెంట్ల వాచ్‌మన్లుగా పోయారు. ఆరో నంబరువాళ్ళలో ఒకడు బెంగళూరు పోయాడు. అబ్రహాంకు దగ్గు పట్టుకుంది. దవాఖానలో ఫోటో తీసి, లోపల రాతిదుమ్ము పేరుకుందన్నారు. పది అడుగులు ఉరికితే కూర్చునేవాడు. అయినా ఆదివారాలు గ్రౌండు నిండేది. పెద్దవాళ్ళ టీం పోయినా చిన్నవాళ్ళ టీం తయారవుతోంది. తాత వాళ్ళకు ఈల ఊదుతుండేవాడు. గ్రౌండు ఉంటే చాలు, టీం మళ్ళీ పుడుతుందని ఆయన నమ్మకం.

2022లో ఆ గ్రౌండు కింద బెజ్జం వేసి చూశారు. తాత క్వారీ మేనేజరు బాలకృష్ణ సారు దగ్గరికి మూడుసార్లు పోయాడు. మూడోసారి నేను వెంట ఉన్నాను.

"సారూ, పోరగాండ్లు ఆడుకునే జాగ. జర ఇడిచిపెట్టు."

"జంగయ్యా, కింద రాయి ఎట్లుందో చూసినవా? నల్లగ, ఒక్క పగులు లేదు. గసువంటి రాయి గీ గుట్టల ఇంకోటి లేదు."

"మట్టి మాది గద సారూ. మేము పోసినం, మేము చదును చేసినం."

"మట్టి మీదే, తీస్కపోండ్రి. రాయి కంపెనీది."

తాత చెప్పులేసుకొని బయటికి నడిచాడు. దానికి నా దగ్గర జవాబు ఉంది గాని అది కాగితం మీద రాసేది కాదు.

ఎవరు తీశారు మట్టిని? చదును చేసిన మా నాన్నే, అదే జేసీబీతో. "నేను ఎక్కకపోతే గా సీట్ల ఇంకోడు కూసుంటడు బిడ్డా" అన్నాడు. బెజ్జాలు ఎవరు వేశారు? అబ్రహాం. రెండు బెజ్జాలకొకసారి ఆగి దగ్గేవాడు. తను పెనాల్టీ కొట్టే చోట కూడా ఒక బెజ్జం వేశాడు. ఎవరిని తిట్టాలో తెలియక నేను అందరినీ తిట్టాను. ఎవరూ ఎదురు మాట్లాడలేదు. అదింకా చెడ్డగా ఉండింది.

పేల్చే రోజుకు ఉత్తరం వైపు సగం మట్టి పోయింది. దక్షిణం గోలు ఇంకా నిలబడి ఉంది. నాకు ఒక ఆలోచన వచ్చింది. మనిషి ఉన్నచోట పేల్చరు కదా. అబ్రహాం పాత ఎర్రంగీ వేసుకొని, మా మేకపిల్లను చంకన పెట్టుకొని, నాలుగున్నరకే పోయి గోల్లో కూర్చున్నాను. పక్కన మట్టికుప్ప ఉంది కాబట్టి ఆఫీసు వైపు వాళ్ళకు ముందే కనపడను, ఈల వేసే ముందు చుట్టూ చూసే తాతకు మాత్రం కనపడతాను. వాళ్ళొచ్చి నన్ను లాక్కుపోయేలోపల ఐదు దాటిపోతుంది, ఈరోజుకు ఆగిపోతుంది అనుకున్నాను. రేపటి సంగతి నేను ఆలోచించలేదు. పద్నాలుగేళ్ళ దాన్ని.

తాతకు కూడా ఒక ఆలోచన వచ్చింది. అది నాకు తర్వాత తెలిసింది. ఈల పోయింది అని చెప్పాలని. ఈల లేకుండా మందు ముట్టించకూడదన్నది క్వారీ రూలు. అప్పటికి ఇరవై అయిదేళ్ళ పనిలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. ఈల మొలతాడుకు కట్టుకొని అంగీ కింద దాచాడు.

"ఈల యాడ్నో పోయింది సారూ" అన్నాడు.

"పోతే పోనీ, జెండా ఎత్తు" అన్నాడు బాలకృష్ణ సారు. మందు ముట్టించే మేస్త్రీ అవతలి లోయలో తీగలు పట్టుకొని ఉన్నాడు. ఆయనకు జెండా కనపడితే చాలు, తల దించి నిమిషం లెక్కపెట్టి ముట్టిస్తాడు.

తాత జెండా ఎత్తలేదు. సారు తాత చేతిలో నుంచి జెండా తీసుకొని తనే పైకెత్తాడు.

అప్పుడే తాత గ్రౌండు వైపు తిరిగాడు, చివరిసారి చూసుకుందామని. గోల్లో ఎర్రగా ఏదో కనపడింది. అరిస్తే వినపడదు, క్రషర్ నడుస్తోంది. అంగీ పైకెత్తి, మొలతాడు తెంపి, ఈల నోట్లో పెట్టుకున్నాడు.

మొదటి ఈలకు మేకపిల్ల నా చంకలో నుంచి దూకి ఉరికింది. రెండో ఈలకు నేను గోలు రాడ్డును రెండు చేతులా పట్టుకున్నాను. కదలను అని నాకు నేనే చెప్పుకున్నాను, పైకే చెప్పుకున్నాను. మూడో ఈల మొదలయ్యేసరికి నేను గోలు వెనక బండ చాటున బోర్లా పడుకొని, తలమీద చేతులు పెట్టుకొని ఉన్నాను. రాడ్డును ఎప్పుడు వదిలానో నాకు తెలియదు. భూమి ఒకసారి లేచి కూర్చున్నట్టయింది. నోట్లోకి రాతిపొడి వచ్చింది. మేము గీతలు గీసే పొడే.

"ఈల దొరికినట్టుంది, జంగయ్యా" అన్నాడు బాలకృష్ణ సారు. నన్ను ఆయన చూడనే లేదు. తాతకు పొట్టి ఈల వేయడానికి రెండుసార్లు ఊపిరి తీసుకోవలసి వచ్చింది.

నెల తిరిగేసరికి దక్షిణం గోలు కూడా పోయింది. మరుసటేడు సైరన్ పెట్టారు. దాన్ని నొక్కడానికి మనిషి ప్రత్యేకంగా అక్కరలేదు. తాతను ఇంటికి పొమ్మన్నారు. అబ్రహాం రాయచూరు అవతలికి తిరిగి పోయాడు. ఫోను చేస్తే సగం మాట, సగం దగ్గు. గ్రౌండు ఉన్నచోట ఇప్పుడు గుంత, అందులో పచ్చటి నీళ్ళు. ఆదివారాలు పిల్లలు ఒడ్డున నిలబడి రాళ్ళు విసురుతారు. గద్వాల కప్పులో అవ్వ చింతపండు పెట్టుకుంటుంది. ఐదుకు సైరన్ మోగితే తాత మాత్రం పడుకోడు. అది ఈల కాదంటాడు.

నిన్న ఇదంతా ఆయనకు చదివి వినిపించాను. జూరాల గేట్ల దగ్గర నవ్వాడు. వనపర్తి దగ్గర ముఖం పక్కకు తిప్పుకున్నాడు. చివరికి వచ్చాక, మూడేళ్ళుగా అడగనిది అడిగేశాను.

"తాతా, నిజం చెప్పు. నేను ఆ గోల్ల కూసోకపోతే నువ్వు ఈల తియ్యకపోతుంటివి. నాతోనే గద గ్రౌండు పోయింది?"

తాత నావైపు చూడకుండా చెప్పాడు.

"జెండా లేసినంక ఎవ్వనితోటి ఆగుతది? గ్రౌండు ఎట్లయినా పోతుండె. ఊదకపోతే నువ్వు గూడ పోతుంటివి. గంతే. లే, మేకలు ఇంక ఇల్లు చేరలే, తోలుకరాపో."