తలుపు మీద గడియారం

మా ఆడపడుచును ఆమె అన్నయ్య సుద్దముక్క అని పిలుస్తాడు. ట్యుటోరియల్‌లో ఫిజిక్స్ చెబుతుంది కాబట్టి ఆమె మోచేతుల మీద, జడ కొసన, ఒక్కోసారి చెవి మీద కూడా తెల్లటి పొడి ఉంటుంది. మనిషి పొట్టి, మాట మెత్తన. నాకైతే కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆమె వంతు కోపం కూడా దేవుడు నాకే ఇచ్చేశాడని మా ఆయన వెక్కిరిస్తాడు. ఆమె గురించి రాద్దామని కూర్చున్నాను గానీ, ఆమెను తలుచుకోగానే ఆ పొడుగమ్మాయి గుర్తొచ్చి కడుపు మండుతోంది. ఆ సంగతి కూడా చెప్పేస్తాను. కడుపులో దాచుకోవడం నా వల్ల కాదు.

సుద్దముక్కకు పిహెచ్‌డి చేయాలని కోరిక. ఎమ్మెస్సీ అయ్యాక ఇంటి పరిస్థితి బాగోలేక ట్యుటోరియల్‌లో చేరింది. ఒక్క ఏడాది చాలనుకున్నది కాస్తా ఏళ్ళకు ఏళ్ళు సాగింది. చివరికి కిందటేడు ధైర్యం చేసి రెండు మూడు యూనివర్సిటీలకు దరఖాస్తు పెట్టింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరికీ ఎదురుచూపులే పని. ఆమె కూర తరుగుతూ తడి చేత్తోనే ఫోన్ తీసేది, యూనివర్సిటీ పేజీ తెరిచేది, ‘పరిశీలనలో ఉంది’ అన్న మాట చదివేది, ఫోన్ బోర్లా పెట్టేది. మళ్ళీ రెండు వంకాయలు తరిగేలోగా చెయ్యి ఫోన్ మీదకు పోయేది.

"అదేమన్నా పొయ్యి మీద పాలా, అలా కాపలా కాస్తున్నావు?" అనేవాడు మా ఆయన.

"పాలైతే పొంగినప్పుడు చప్పుడన్నా అవుతుంది అన్నయ్యా. ఇది ఎప్పుడు పొంగుతుందో, ఎప్పుడు విరుగుతుందో తెలియట్లేదు," అనేది.

అయితే సీటు ఒక్కటే వస్తే సరిపోదు. యూనివర్సిటీలో చిన్న తరగతుల పిల్లలకు పాఠం చెప్పే టీచింగ్ అసిస్టెంట్ పని కూడా దొరకాలి. అది దొరికితే ఫీజు మాఫీ, పైగా నెలనెలా జీతం. దొరక్కపోతే సీటు వచ్చినా చేరే స్తోమత మాకు లేదు. మాకు దగ్గరగా ఉన్న యూనివర్సిటీ వాళ్ళు ఆ పనికి ఇంటర్వ్యూకి రమ్మని పిలిచారు. తమ ముందు నిలబడి, మొదటి సంవత్సరం పిల్లలకు చెప్పినట్టుగా ఒక చిన్న పాఠం చెప్పాలన్నారు. ఆమె బతుకంతా ఆ ఒక్క పాఠం మీద పడింది.

అదే పనికి పొడుగమ్మాయిని కూడా పిలిచారు. ఆ పిల్ల ఎమ్మెస్సీలో సుద్దముక్క పక్క బెంచీ. హాస్టల్లో ఉండి అదే ట్యుటోరియల్‌లో చెప్పేది. హాస్టల్ తిండి పడట్లేదంటూ ఒకరోజు మా ఇంటికి భోజనానికి వచ్చింది. ఆ తర్వాత పిలవకుండానే రావడం అలవాటైంది. నన్ను వదినా అనేది, మా ఆయన్ను అన్నయ్యా అనేది. కంచం తనే తీసుకుని తనే వడ్డించుకునేది. జ్వరం వస్తే మా ఇంట్లోనే పడుకుంది, నేనే కాపడం పెట్టాను. ఖాళీలు రెండున్నాయని, ఇద్దరికీ వచ్చేస్తుందని, అక్కడ ఒకే గది తీసుకోవాలని ఇద్దరూ ముందే అనేసుకున్నారు. గదిలో ఎవరి మంచం కిటికీ పక్కన ఉండాలో కూడా తేల్చుకున్నారు.

పాఠం సాధన చేయడానికి మా ఆయన పడగ్గది తలుపుకు హాల్లోకి కనిపించే వైపున నల్లరంగు వేసిచ్చాడు. అదే బోర్డు. సాయంత్రం ఆరు కాగానే పొడుగమ్మాయి కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఇంటర్వ్యూ బోర్డు మెంబరయ్యేది. నేను స్టూలు మీద స్టూడెంటును. "నువ్వు మాకు వరం వదినా, నీకు ఏమీ తెలియదు," అనేవాళ్ళు ఇద్దరూ. ఆ మాట మరొకరెవరైనా అని ఉంటే నా చేతిలో అయిపోయేవాళ్ళే.

సుద్దముక్క ఎంచుకున్నది కొలతల్లో వచ్చే తప్పుల గురించి. మొదటి రెండు రోజులు పుస్తకంలో ఉన్నట్టే చెప్పింది. నాకు ఆవులింతలు ఆగలేదు. "తప్పంటే తప్పే కదమ్మా, అందులో మళ్ళీ రకాలేమిటి?" అని విసుక్కున్నాను. ఆమె సుద్ద పట్టుకుని అలాగే నిలబడి, నా తల మీదుగా గోడ వైపు చూసింది. అక్కడ మా గడియారం ఉంది.

ఆ గడియారం ఎప్పుడూ ముందే ఉంటుంది. మా ఆయన నిద్రమొహం. ఆఫీసుకు వేళకు కదిలించాలంటే నాకు అంతకన్నా వేరే దారి లేకపోయింది, కావాలనే ముందుకు తిప్పి పెట్టాను. ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి అందరూ అంత తీసేసుకుని బస్సు పట్టుకుంటారు. సుద్దముక్క గబగబా తలుపు మీద గుండ్రంగా గడియారం గీసింది.

"చూడు వదినా. ఇది తప్పే. కానీ రోజూ ఒకేలా తప్పుతుంది. ఎంత తప్పో తెలిస్తే తీసేసుకుంటాం, పని జరిగిపోతుంది. ఇక అన్నయ్య ఉన్నాడు. ఫోన్ చేస్తే ‘ఇదిగో వచ్చేస్తున్నా’ అంటాడు. ఒకరోజు నిమిషాల్లో వస్తాడు, ఒకరోజు అన్నం చల్లారిపోయాక వస్తాడు. దానికి ఎంతని తీసేస్తావు? చాలాసార్లు చూసి సగటు కట్టుకోవాల్సిందే. ఇవే రెండు రకాల తప్పులు."

నాకు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు అర్థమైంది. పొడుగమ్మాయి మెంబరుగిరీ మరిచిపోయి చప్పట్లు కొట్టింది. ఆ పిల్లది కటకాల పాఠం, అదే లెన్సులది, పుస్తకంలోది పుస్తకంలో ఉన్నట్టే చదివేది. సుద్దముక్క తన పాఠం కన్నా దాన్ని బాగుచేయడానికే ఎక్కువ సాయంత్రాలు ఖర్చుపెట్టింది. నేను అడ్డుచెబితే, "మేమిద్దరం వేరువేరా వదినా?" అనేది.

ఇంటర్వ్యూ సుద్దముక్కకు సోమవారం, పొడుగమ్మాయికి గురువారం. ముందటి శనివారం ఆ పిల్ల మొహం వేలాడేసుకుని వచ్చింది. ఊళ్ళో వాళ్ళమ్మకు గురువారమే కంటి ఆపరేషనట, పక్కన తనుండాలట. "నీ రోజు నాకిస్తావా?" అని అడిగింది. సుద్దముక్క డిపార్ట్‌మెంటుకు తనే ఫోన్ చేసి, తనే బతిమాలి, రోజులు మార్పించింది. అంతటితో ఆగక, అమ్మ దగ్గరికి తీసుకువెళ్ళమని నా చేత పళ్ళు కూడా కొనిపించింది.

గురువారం ఇస్త్రీ చీర కట్టుకుని, వెంట్రుక మీద కూడా సుద్ద లేకుండా బయల్దేరింది. మా ఆయన సెలవు పెట్టి మరీ బస్సెక్కించాడు. సాయంత్రం తిరిగి వచ్చినప్పుడు మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. నేను అన్నం పెట్టాను. అన్నం మీద చెయ్యి పెట్టి కూర్చుంది.

"ఏమైంది? ప్రశ్నలు కష్టంగా అడిగారా?" అన్నాను.

"ప్రశ్నల దాకా వెళ్ళలేదు వదినా. మా ఇంట్లో ఒక గడియారం ఉంది, మా వదిన దాన్ని ముందుకు తిప్పి పెట్టింది అన్నాను. అంతే. అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పెద్దాయన నవ్వి, ‘ఇక మీ అన్నయ్య ఇదిగో వచ్చేస్తున్నా అంటారు, అవునామ్మా?’ అన్నాడు. సోమవారం వచ్చినావిడ ఇంట్లో కూడా ఇదే గడియారమట, ఇదే వదినట."

పొడుగమ్మాయికి అన్న లేడు, వదిన అంతకన్నా లేదు. వాళ్ళమ్మకు అది ఒక్కతే సంతానం.

"నాదేనని చెప్పొచ్చుగా?"

"ముందు చెప్పింది తను కదా. తర్వాత చెప్పినవాళ్ళే కాపీ కొట్టినట్టు. వేరే ఉదాహరణ చెప్పమన్నారు. ఏదీ తట్టలేదు. నిలబడిపోయాను." చెయ్యి కడుక్కుని లేచింది. "తనకేదో ఇబ్బంది వచ్చి ఉంటుంది వదినా. కటకాల పాఠం మరిచిపోయి ఉంటుంది. వాళ్ళమ్మ ఆపరేషన్ కంగారు కదా."

అంత జరిగినా ఆమెకు అనుమానం రాలేదు. నాకు వచ్చింది. ఆ పిల్లకు జ్వరం వచ్చినప్పుడు తీసుకున్న వాళ్ళమ్మ నంబరు నా ఫోన్లో ఉంది. పెరట్లోకి వెళ్ళి కలిపాను. కళ్ళు ఎలా ఉన్నాయండీ అని మర్యాదగానే అడిగాను.

"నా కళ్ళకేమైందమ్మా? ఇప్పుడే కదా సూదిలో దారం ఎక్కించుకుని కూర్చున్నాను," అంది ఆ పెద్దావిడ. "మా అమ్మాయి మీ పళ్ళు తెచ్చిచ్చింది. ఎంత మంచి మనసమ్మా మీది."

ఆవిడ తప్పేముంది. రెండు మంచి మాటలు చెప్పి పెట్టేశాను. లోపలికి వచ్చి సుద్దముక్కకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఏడవలేదు, ఆ పిల్లను తిట్టవద్దనీ అనలేదు. మంచం అంచున కూర్చుని, "పళ్ళు కూడా తీసుకుందా?" అంది. ఆ ఒక్క మాటే.

ఆదివారం పొడుగమ్మాయి ఎప్పటిలాగే తలుపు తోసుకుని వచ్చింది. అలవాటుగా కంచం కోసం వంటింట్లోకి వెళ్ళబోతుంటే నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"మీ అమ్మ కళ్ళు బానే ఉన్నాయట," అన్నాను.

ఆ పిల్ల మొహం మాడిపోయింది. తప్పించుకోలేదు మాత్రం. నన్ను వదిలేసి సుద్దముక్క వైపు తిరిగి మాట్లాడింది. "ఖాళీలు రెండు కాదు, ఒక్కటే. డిపార్ట్‌మెంటు ఆఫీసులో ముందే తెలిసింది నాకు. నీకు చెప్తే నువ్వు రోజు మార్చుకునేదానివా?"

"మార్చుకునేదాన్నేమో," అంది సుద్దముక్క. "అడిగితే కదా తెలిసేది."

"నీకైతే ఇల్లుంది, అన్నయ్య ఉన్నాడు. నాకేముంది? కటకాలు పట్టుకుని నిలబడితే నన్నెవరు తీసుకుంటారు?"

"అందుకని మా ఇంటినే ఎత్తుకుపోయి అక్కడ చూపించావా?" అన్నాను. నా గొంతు వీధిలోకి వినిపించే ఉంటుంది.

ఆ పిల్ల అప్పుడు నా వైపు చూసింది. "నేను కూడా ఆ గడియారం చూసే కదా వదినా ఇన్నాళ్ళూ బస్సు పట్టుకున్నాను. నాకు నువ్వు వదినవు కావా?"

ఊరంతా వినేలా తిట్టేదాన్ని, చేతికి దొరికింది విసిరేదాన్ని. కానీ ఆ మాటకు చచ్చుబడిపోయాను. ఎందుకంటే అందులో అబద్ధం లేదు. నేను కాపడం పెట్టాను, నేను వడ్డించాను, పిలిచిన ప్రతిసారీ పలికాను. నేను ఇచ్చిన వరసనే తీసుకెళ్ళి మా పిల్ల నోరు నొక్కింది. దొంగతనం అయితే అంత బాధ ఉండేది కాదు.

"ఇక రావద్దు," అని మాత్రం అనగలిగాను. కంచం అందుకోకుండానే వెళ్ళిపోయింది.

ఫలితం వచ్చింది. సీటు ఇద్దరికీ ఇచ్చారు, పని పొడుగమ్మాయికిచ్చారు. పని లేని సీటును ఏం చేసుకోవాలి? ఎన్నాళ్ళ నుంచో చూస్తూ కూర్చున్న పేజీలో ‘అభినందనలు’ అని ఉంటే, దాన్ని సుద్దముక్క మాకు చదివి వినిపించి, తనే ‘చేరడం లేదు’ అన్న చోట నొక్కింది. మా ఆయన అప్పు చేస్తానన్నాడు. వద్దంది. డిపార్ట్‌మెంటుకు వెళ్ళి నిజం చెప్పేస్తానని నేను చెప్పులు వేసుకుంటే, చేయి పట్టుకుని ఆపింది. "నమ్మినా నమ్మకపోయినా నాకొచ్చేదేం లేదు వదినా, నువ్వు మాత్రం చిన్నబోయి వస్తావు," అంది. నాకైతే ఇప్పటికీ ఆ చెప్పులు విప్పినందుకు ఒళ్ళు మండుతూనే ఉంది.

ఆ కోపమంతా గడియారం మీద చూపించాను. స్టూలెక్కి సరైన టైముకు తిప్పి పెట్టాను, అందరికీ చెప్పాను కూడా. మర్నాడు సుద్దముక్క పాత అలవాటు కొద్దీ దాన్లోంచి తీసేసుకుని తీరిగ్గా బయల్దేరింది, బస్సు తప్పిపోయింది. ఇన్నేళ్ళలో ఆమె ట్యుటోరియల్‌కి ఆలస్యంగా వెళ్ళడం అదే మొదటిసారి. సాయంత్రం వచ్చి ఆ గోడ కిందే చతికిలబడి, ఇంతకాలం రాని ఏడుపు ఏడ్చింది. "దేన్లోంచి ఎంత తీసేసుకోవాలో తెలియట్లేదు వదినా," అంది. నేను మళ్ళీ స్టూలెక్కి ముళ్ళు ముందుకు తిప్పాను.

కొన్ని వారాలకు ఇంకో యూనివర్సిటీ నుంచి పిలుపొచ్చింది. అక్కడా ఇంటర్వ్యూ, అక్కడా పాఠం. ఆ పొద్దున ఆమె అటక మీద మిగిలిన నల్లరంగు డబ్బా దించుకుని పడగ్గదిలోకి వెళ్ళింది. తలుపుకు లోపలి వైపు కూడా బోర్డు కావాల్సి వచ్చిందేమో అనుకున్నాను. నాకు సంతోషం వేసింది. సాయంత్రం ఆరు కాకముందే వంట ముగించి, స్టూలు లాక్కుని నా చోట కూర్చున్నాను. రాబోయే పాఠమేదో తెలియదు గానీ, అడగడానికి తెలివితక్కువ ప్రశ్నలు కొన్ని సిద్ధం చేసుకున్నాను కూడా.

సుద్దముక్క గుమ్మంలో ఆగింది. నా వైపు చూసి, మొహం తిప్పుకుంది.

"ఈసారి నేనొక్కదాన్నే చేసుకుంటాను వదినా," అంది మెత్తగా.

"నేను కూడా వద్దా?"

లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నాకు కనిపించే వైపున ఆమె గీసిన గడియారం బొమ్మ అలాగే ఉంది, ఎవరమూ తుడవలేదు. కాసేపటికి అవతలి వైపు, కొత్త రంగు మీద, సుద్ద చప్పుడు మొదలైంది. ఆమె రాస్తున్నప్పుడల్లా నా వైపు గడియారం సన్నగా అదురుతోంది. మాట ఒక్కటీ వినిపించకుండా గొంతు తగ్గించి చెప్పుకుంటోంది. నేను ఆ స్టూలు మీదే, ఆమె తలుపు తీసేదాకా కూర్చున్నాను.