గెంపాచి చప్పట్లు

తాతామి చాపలు కుట్టే గెంపాచికి ఊళ్లో రెండు పేర్లు. ఎదురుగా ఉంటే గెంపాచి, అటు తిరిగితే కోడిపుంజు. రోజూ తెల్లారగానే కొండమీది గుడికెళ్లి, ఎర్ర తోరణ ద్వారం దగ్గర వంగి, అక్కడి ఆచారం ప్రకారం సామి ముందు రెండు చప్పట్లు చరిచేవాడు. ఆ మోతకి కింద రేవు వీధంతా లేచి కూర్చునేది. గుడిలో గంట ఉంది కదయ్యా అంటే వినడు. "గంట ఎవడైనా కొడతాడు. వచ్చింది నేనని సామికి తెలియొద్దూ?" అనేవాడు. పక్కింట్లో ఊరగాయలమ్మే తోమే అంటే మరీ లోకువ. ఆ ముసలమ్మ చప్పట్లకి దోమ కూడా చావదని నలుగురిలో నవ్వేవాడు.

అలాంటివాడు ఓరోజు పళ్లకోసం పెర్సిమన్ చెట్టెక్కాడు. ఆ కొమ్మలు పుటుక్కున విరుగుతాయని పాలుతాగే పిల్లాడికీ తెలుసు. పెళ్లాం చెప్పింది కూడా. పండుకంటే ముందు మనిషి కిందికొచ్చాడు. కుడిచెయ్యి కట్టుతో మెడకు వేలాడింది.

చెయ్యి ఇంకా కట్టులో ఉండగానే కూతురు ఇనేకి నొప్పులొచ్చాయి. తొలికాన్పు. భార్య ఆస్పత్రికి పరిగెత్తింది, గెంపాచి గుడికి. గుడి ముందరి నీళ్లతొట్టి దగ్గర తంటాలుపడి ఉన్న ఒక్క చెయ్యీ కడుక్కున్నాడు, వంగాడు. మరి చప్పట్లో? తొడ చరిచాడు. స్తంభాన్ని బాదాడు. సామి ఉలకలేదు, పలకలేదు. గెంపాచికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"స్తంభం ఏం చేసిందయ్యా నిన్ను?" వెనక తోమే.

"నవ్వు, నవ్వు. అక్కడ ఇనే నొప్పులు పడుతోంది. నేనొచ్చానని ఈయనకెలా తెలుస్తుంది?"

"నువ్వు పడ్డప్పట్నుంచీ వీధంతా హాయిగా నిద్రపోతోంది. ఈయనా పడుకునుంటాడు." తోమే సంచి కింద పెట్టి, పక్కన నిలబడి అరచెయ్యి చాపింది. "కానీయ్. నీదొకటి, నాదొకటి."

"నీ చెయ్యా?"

"దోమల్ని చంపే పని కాదులే, రా."

మొదటి దెబ్బ గురితప్పి ఆమె మణికట్టుకి తగిలింది. "నీ మొహం మండ! చూసి కొట్టు." తర్వాతి రెండూ ఠాప్, ఠాప్‌మని మోగాయి. కింద ఎవరో విసురుగా కిటికీ మూసుకున్నారు. వీళ్లిద్దరూ కళ్లు మూసుకున్నారు.

మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. అవతల భార్య గొంతు తోమేకీ వినిపించేంత గట్టిగా ఉంది. "ఏమండీ, ఆడపిల్ల! తల్లీబిడ్డా క్షేమం. పుడుతూనే ఏం గొంతండీ అది, వార్డంతా లేచి కూర్చుంది!"

గెంపాచి మెట్టుమీదే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తోమే వెనక్కి తిరిగి గుడివైపు ఒక దణ్ణం పెట్టింది.

"విన్నావు, చాలా సంతోషం. కానీ మా వీధికి ఇంకొకటా, సామీ?"