పక్కింటికి పంపిన చాయ్

పక్కింటామెకూ మా అమ్మకూ ఏడేళ్లు మాటల్లేవు. కారణం చాయ్. బోధన్‌లో మా గల్లీలోనే ఆమె వ్రతానికి పిలిస్తే వెళ్లి, ఇచ్చిన చాయ్ తాగి, పాలు చూపించి తీసినట్టుందని మా అమ్మ ఎవరి చెవిలోనో అంది. ఆ మాట సాయంత్రానికల్లా ఆమెకు చేరింది. అప్పటినుంచి పక్కపక్క అరుగుల మీద, ఒకరికొకరు వీపులు పెట్టుకుని ఇద్దరూ బీడీలు చుట్టారు.

మొన్న చలికాలం ఒక పొద్దున ఆమె భర్త బయటనుంచి వచ్చి, గుండె పట్టుకుని కూర్చుని, మళ్లీ లేవలేదు. మా దిక్కు శవం లేచేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. వచ్చినవాళ్లకు చాయ్ పక్కింటివాళ్లే ఇవ్వాలి. పక్కిల్లంటే మేమే. వాళ్లకు అవతలి పక్కనున్న ఇంటికి తాళం.

అమ్మ కాసేపు గుమ్మంలో నిలబడి, చాయ్ పెట్టమంది. పల్చగైతే ఇజ్జత్ పోతుందని కూడా అంది.

ఇంట్లో ఉన్న పాలన్నీ పోశాను. నీళ్లు పేరుకే. అల్లం దంచి వేశాను, చాయ్ పత్తి గుప్పిళ్లతో వేశాను, మూడుసార్లు పొంగు రానిచ్చాను. అమ్మ గ్లాసులు తోమింది, తోమినవే మళ్లీ తోమింది. తల్లీకూతుళ్లం వంటింట్లో అంత సఖ్యంగా ఎన్నడూ లేం. చక్కెర అమ్మ వేసిందని నేను, నేను వేశానని అమ్మ అనుకున్నాం.

మేం వెళ్లేసరికి ఆమె, భర్త కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. కళ్లలో చుక్క నీళ్లు లేవు. అమ్మ గ్లాసు అందించింది. ఆమె తీసుకుని చివరిదాకా తాగింది. మిగతావాళ్లు ఒక గుక్క తాగి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చావింట్లో చాయ్‌కి వంకలు పెట్టరు గనుక మింగారు.

ఇంటికొచ్చి, గిన్నె అడుగున మిగిలింది నోట్లో పోసుకున్న అమ్మ గోడకు జారగిలబడింది. చుట్టూ చెరకు పండే ఊళ్లో చక్కెర లేని చాయ్! అదీ ఆమెకు, అదీ ఇవాళ. కావాలనే చేశామనుకుంటుంది, ఇంక ఈ జన్మలో మాట్లాడదు అని తల కొట్టుకుంది. ఏడేళ్లుగా మాట్లాడని మనిషి ఇక మాట్లాడదేమోనని అంత భయమేమిటో నాకు అర్థం కాలేదు. అడిగే సమయమూ కాదు. చక్కెర డబ్బా చంకన పెట్టుకుని మళ్లీ బయల్దేరింది. నేనూ వెనకాలే వెళ్లాను.

అంతమందిలో అమ్మ ఆమె ముందు కూలబడి, "శక్కెర ఎయ్య మర్సినమే చెల్లె. కావాలని గాదు," అంది.

ఆమె డబ్బాను చూసింది, మా అమ్మను చూసింది.

"శక్కెర లేకుండెనా అక్కా? నాకు తెల్వనే లేదు." భర్త వైపు తిరిగింది. "గాయన ఉంటె సెప్తుండె."

అప్పుడు ఏడ్చింది. మా అమ్మ పట్టుకుంది.