ఫారిన్ దాయాదికి పెద్దకర్మ

ఇప్పుడైతే మా వీధిలో పాలు పోసే ఆవిడ కూడా తెలియని నంబరు నుంచి ఫోనొస్తే కట్ చేసి పడేస్తోంది గానీ, నర్సీపట్నానికి ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో కంప్యూటర్ తెర మీద కనబడిన అక్షరం అబద్ధమాడుతుందని ఎవరికీ తోచేది కాదు. నాకసలే తోచలేదు. డిగ్రీ ఫస్టుక్లాసులో పాసై, బి.ఇడి. సీటు తెచ్చుకుని, కాలేజీలో చేరేదాకా ఖాళీగా ఎందుకని బస్ కాంప్లెక్స్ దగ్గర నెట్ సెంటర్లో కూర్చునేదాన్ని. పిల్లల మార్కులు చూసిపెట్టడం, హాల్ టికెట్లు ప్రింటు తియ్యడం నా పని. ఊళ్లో ఉన్న ఇంగ్లీషంతా నా దగ్గరే ఉందని నా నమ్మకం (కాదనే నాథుడు ఊళ్లో లేకపోవడం నా ఖర్మ).

అలాంటి నాకు ఒక మధ్యాహ్నం మెయిలొచ్చింది. రాసినవాడు ఆఫ్రికాలో లాయరు. అతని క్లయింటు, ఎవరో ఆయిల్ కంపెనీ ఇంజినీరు, పెళ్లాం బిడ్డలతో సహా విమాన ప్రమాదంలో పోయాడట. బ్యాంకులో కోట్లు మూలుగుతున్నాయట. ఆయనదీ మాదీ ఒకటే ఇంటిపేరు కాబట్టి వారసులం మేమేనట. ఇంకెవరైనా అయితే ముందు కోట్ల సంగతి చూసేవారు. మా ఇంట్లో ముందు మైల సంగతి చూశారు. నేను ప్రింటు పట్టుకెళ్లి తెలుగులో చదివి చెప్పేసరికి మా పెదనాన్న తింటున్న కంచం పక్కకి నెట్టేశాడు. "ఒకే ఇంటిపేరంటే దాయాదే కదేటి. పదకొండ్రోజులు మైల పట్టాల" అన్నాడు.

అయితే పెదనాన్న తెలివితక్కువవాడేం కాదు. గోత్రం కనుక్కోమన్నాడు. నేను నా ఇంగ్లీషంతా ఒలకబోసి, మాది నాగుల గోత్రం, మా పూర్వీకులది నాతవరం వైపు, మీ క్లయింటుదీ అదేనా అని రాశాను. మర్నాటికల్లా జవాబొచ్చింది: అవును, నాగుల గోత్రమే, నాతవరం పేరెత్తితే పాపం కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. ఇంకేం రుజువు కావాలి? (దొంగవేషానికి గుడ్డ మేమే ఇచ్చాం, కొలతలూ మేమే చెప్పాం.) ఆ మెయిలుతోపాటే పోయినాయన ఫోటో కూడా పంపాడు. అమ్మ దాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి చూసి, "మన మనిషి ఇంత తెల్లగా ఉన్నాడేటి?" అంది. చలిదేశంలో ఉంటే నువ్వూ అలాగే అవుతావని పెదనాన్న కొట్టిపారేశాడు.

మూడో మెయిల్లో ఫీజు అడిగాడు. వారసత్వం కాగితాలకి ముందు మేం కడితే, ఆ తర్వాత కోట్లు కదులుతాయట. ఇంట్లో అప్పటికి చేతిలో ఉన్న డబ్బు నా బి.ఇడి. ఫీజొక్కటే, అది కట్టడానికి పదిరోజులు కూడా గడువు లేదు. నాన్న నసిగాడు. కోట్లొస్తే కాలేజీయే కొనేద్దామన్నాడు పెదనాన్న. చివరికి అందరూ నావైపు చూశారు. పంపించెయ్యమన్నాను. నాన్న విశాఖ వెళ్లి పంపించేసి వచ్చాడు.

పదకొండో నాడు పెదనాన్న గుండు చేయించుకున్నాడు. ఆ తెల్లాయన ఫోటోకి దండ వేశారు. నాతవరం నుంచి ఆటోల్లో దిగిన చుట్టాలు విస్తళ్ల ముందు కూర్చుని, పోయినాయన చిన్నప్పుడు ఎంత చురుగ్గా ఉండేవాడో చెప్పుకున్నారు. (ఒకాయన ఆయనతో కలిసి చెరువులో ఈదానన్నాడు. తిన్న అన్నానికి ఆ మాత్రం న్యాయం చెయ్యాలిగా.)

మరో రెండ్రోజులకి యలమంచిలి నుంచి ఒక మాస్టారు పనిమీద వచ్చి మా సెంటర్లో అడుగుపెట్టారు. తన మెయిల్లో ఫోటో ఒకటుంది, దూరపు చుట్టం పోయాడు, కలర్లో తీసిపెట్టమ్మా అన్నారు. ప్రింటర్లోంచి ముందు నుదురొచ్చింది, తర్వాత కళ్లు. ముక్కు వచ్చేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అదే మనిషి, అదే విమానం. ఇంటిపేరు మాత్రం మాస్టారిది.

"మాస్టారూ, ఈయనకి మేం మొన్ననే పెద్దకర్మ చేసేశామండి" అన్నాను. పరాయివాడికి కర్మ చేశారే పాపం అన్నట్టు ఆయన నావైపు జాలిగా చూశారు.

ఇంటికెళ్లి చెబితే పెదనాన్న చాలాసేపు గుండు నిమురుకుని, "దత్తతెళ్లుంటాడే. అందుకే రెండు ఇంటిపేర్లు" అన్నాడు. నాన్న మాత్రం నా సీటు కాగితం మడతపెట్టి బీరువాలో చీరల కింద పెట్టేశాడు. గడువు దాటిపోయింది. మరుసటేడు చూద్దామన్నారు. మరుసటేడు నాన్నకి జబ్బు చేసింది, ఆ పైయేడు ఇంకేదో. నేను టీచర్ని కాలేదు. ఇవాళ్టికీ ఊళ్లోవాళ్ల దరఖాస్తులు నింపి పెడుతూ బతుకుతున్నాను.

ఇంత చదువుకుని ఎలా మోసపోయారండీ అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. పూర్తిగా మోసపోయినా బాగుండేది. రెండో మెయిలు కింద లాయరు పేరు ఒకటి, మూడోదాని కింద ఇంకొకటి. చూశాను. ఫీజు సంగతి తేల్చే రోజున ఆ మాట చెబుదామని నోరు కూడా తెరిచాను. నేనేం వాదించినా "ఆడగుంటవి, ఊరుకో" అనే పెదనాన్న, ఆ ఒక్కరోజూ అందర్నీ గదిమాడు. "ఉండండర్రా, దాన్ని సెప్పనీండి. దానికే తెలుస్తాది" అన్నాడు. ఇరవయ్యేళ్లలో ఆ ఇంట్లో నా గురించి ఆ మాట వినడం అదే మొదలు. అనుమానం ఉందంటే ఆ మాట వెనక్కి పోతుంది. తెరిచిన నోటితో పంపించెయ్యమన్నాను.

పిచ్చిమొహమా, నీ సీటు నువ్వే తగలేసుకున్నావు కదే అని ఆ ఇరవయ్యేళ్ల పిల్లని తిట్టబోతాను. కానీ నలుగురు పెద్దవాళ్లు నోరుమూసుకుని దాని మాట కోసం చూస్తుంటే దాని మొహం ఎంత వెలిగిపోయి ఉంటుందో తలుచుకుంటే, తిట్టు సగంలోనే నవ్వొచ్చేస్తుంది.