టీచరమ్మకు కుట్టిన జత

ఆ వీధిలో అందరూ ఆయన్ని బూట్లాయన అనే పిలిచేవారు. కింద దుకాణం, పైన రెండు గదులు, మధ్యలో ఇరుకు చెక్కమెట్లు. భార్య పోయాక ఆ గదుల్లో మిగిలింది ఆయనా, ఏడేళ్ల కూతురూ. తల్లి పోయినప్పటి నుంచి ఆ పిల్ల బడిలో నోరు విప్పలేదు. చుట్టాలు తలో మాటా అన్నారు. "నీ పోలికేలే, పెళ్లినాడు నువ్వు మాత్రం నోరు తెరిచావా?" అని అక్క ఎగతాళి చేసింది. ఆయనకు నవ్వు రాలేదు.

ఆ ఏడు పిల్ల తరగతికి కొత్త టీచరమ్మ వచ్చింది. మాట్లాడమని బతిమాలలేదు, గదమాయించలేదు. బడి వదిలాక పిల్ల పక్కన బెంచీ మీద కూర్చుని తనే ఒక కథ పైకి చదివేది. కొన్నాళ్లకు ఒక వాక్యం సగంలో ఆపి ఊరుకుంది. మిగతా సగం పిల్ల చదివింది. ఆ సాయంత్రం బూట్లాయన తోలు కోస్తుంటే, కూతురు గడపలో నిలబడి ఆ కథంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. ఆయన కత్తి కింద పెట్టి, ముఖం అటు తిప్పుకుని ముక్కు చీదాడు.

"టీచరమ్మకు ఏమన్నా ఇవ్వాలి తల్లీ. ఏమిద్దాం?"

"పూలు అందరూ ఇస్తారు నాన్నా." పిల్ల కాసేపు ఆలోచించింది. "ఆవిడకి ఒక కాలు పొట్టి. వరండాలో వస్తుంటే టక్... జర్, టక్... జర్ అని వినిపిస్తుంది. సాయంత్రానికి నడుం పట్టుకుని కూర్చుంటుంది."

మడమ కుట్టి ఇస్తానన్న మిషతో ఆయన పాత జత తెప్పించుకున్నాడు. అది అరిగిన తీరు చూసి కొలత తీసుకున్నాడు. ఎడమ బూటు లోపల, బయటికి తెలియకుండా, మెత్తటి ఎత్తు పెట్టి కొత్త జత కుట్టాడు. భార్య ఉంటే ఏ రంగు ఎంచేదో ఊహించుకుని ఆ రంగే వేశాడు.

టీచరమ్మ దుకాణంలోనే తొడుక్కుంది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచింది. మళ్లీ నడిచింది. చప్పుడు సమంగా వచ్చింది.

"నా నడక నాకే కొత్తగా ఉందండీ," అని నవ్వబోయి కళ్లు తుడుచుకుంది.

ఇలాంటి జత ఇచ్చినప్పుడు, అలవాటయ్యేదాకా మెట్లు కమ్మీ పట్టుకుని దిగమని ఎవరికైనా చెప్పేవాడు. ఆ సంతోషంలో మరిచిపోయాడు.

నెల తిరక్కుండానే టీచరమ్మ బడి మెట్లు దిగుతూ పడింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

ఎవరూ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడట. ముందు గుండె ఆగిందా, ముందు కాలు తప్పిందా అన్నది మాత్రం బూట్లాయనను పట్టి పీడించింది. ఉండబట్టలేక టీచరమ్మ అక్క ఇంటికి వెళ్లాడు.

"ఆ రోజు... ఏ బూట్లు వేసుకున్నారండీ?"

"మీరిచ్చినవే. అవి వచ్చాక ఇంకోటి తొడిగితే కదా!" అందామె. "ఇన్నేళ్లూ బజారుకు వెళ్తే 'నువ్వు ముందు నడువక్కా, నేను వస్తాలే' అనేది. ఈ నెలంతా నా పక్కనే నడిచింది. ఓ రోజు నేనే వెనకబడ్డాను. మీ మేలు మరిచిపోను బాబూ."

మెట్ల మాట ఎత్తకుండానే తల ఊపి వచ్చేశాడు.

మర్నాడు దీపాలు పెట్టే వేళకు చెక్కమెట్ల మీద చప్పుడైంది. టక్... జర్. టక్... జర్. ఆమె పాత నడకే. ఆయన తలుపు తీశాడు. మెట్లు ఖాళీ. ఆ తర్వాతి రోజూ అంతే. ఎలుకలనుకున్నాడు. తనకే మతి చలించిందనుకున్నాడు. మెట్ల చెక్కలన్నీ ఊడదీసి కొత్త మేకులు కొట్టాడు. చప్పుడు ఆగలేదు.

పిల్ల మళ్లీ మూగబోతుందేమోనని ఆమెకేమీ చెప్పలేదు. ఒక సాయంత్రం అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. కూతురు పుస్తకంలోంచి తలెత్తింది.

"నీకూ వినిపిస్తోందా నాన్నా?"

"నీకెప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచే. నువ్వు భయపడతావని చెప్పలేదు."

ఆయన వచ్చి పిల్ల పక్కన కూర్చున్నాడు. "మెట్లు జాగ్రత్త అని ఆవిడకి చెప్పలేదే తల్లీ. ఒక్క మాట చెప్పలేదే."

పిల్ల లేచి తండ్రి భుజం మీద చేయి వేసి కాసేపు నిలబడింది. తర్వాత వెళ్లి తలుపు బార్లా తీసి, గడప దగ్గర కూర్చుని పైకి చదవసాగింది. చదివినంతసేపూ అలికిడి లేదు. పాఠం అయ్యాక అడుగులు దిగిపోయాయి, చాలా మెల్లగా, మెట్టు మెట్టుకూ ఆగుతూ.

నోరు విప్పి చెప్పేస్తే భారం తీరుతుందనుకున్నాడు. తీరలేదు. మర్నాడూ అడుగులు వచ్చాయి. పిల్ల చదివింది. ఏళ్లు గడిచి ఆమె పై చదువులకు వేరే ఊరు వెళ్లాక, అంతంత మాత్రం చదువొచ్చిన బూట్లాయనే కళ్లద్దాలు సర్దుకుని, కూడబలుక్కుంటూ చదివేవాడు. ఇల్లు మారమని ఆయన అక్క పోరుతూనే ఉండేది.

"ఎక్కడికి పోతానక్కా," అనేవాడు. "ఆవిడ అంత కష్టపడి ఎక్కి వస్తుంటే."